పద్యం లేని ఐదో అంకం

నాటకాల్లో చేరతామని వచ్చే ఆడపిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే. స్టేజీ మీద నిజం కన్నీళ్ళు ఎలా తెప్పించుకునేవారమ్మా అని. అది పెద్ద పని కాదని చెబుతాను. పెట్రోమాక్సు లైటు పక్కన నిలబడితే పురుగులు వచ్చి కళ్ళలో పడతాయి, నీళ్ళు వాటంతట అవే కారతాయి. పిల్లలు నవ్వుతారు. నేను నవ్వించడానికి చెప్పలేదు, అది జరిగిన సంగతి.

నాకు కప్పిన శాలువాల గురించి ఇక్కడ రాయను. అవి ట్రంకుపెట్టెలో ఉన్నాయి, పురుగులు కొడుతున్నాయి. ఏ ఊళ్ళో ఏ వేషం కట్టానో కూడా రాయను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు చెప్పవలసిందని నాకు అనిపించేది ఒక మనిషి సంగతి. ఆయన పేరు గాదిలింగప్ప. ఒక పాత నాటకాన్ని చివరిదాకా ఆడాలని ఆయన పడిన తపన, దానికి పట్టిన గతి నేను దగ్గరుండి చూశాను. చూడటమేమిటి, ఆ నాటకంలో ఆయనకు తల్లిని నేనే.

నా పేరు హులిగమ్మ. పోస్టర్ల మీద మాత్రం ఆ పేరు ఎప్పుడూ పడలేదు. హులిగమ్మ అంటే టికెట్లు తెగవని కాంట్రాక్టరు నాకు నాజూకైన పేరొకటి తగిలించాడు. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే, ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని చాలాకాలం వెనక్కి తిరిగి చూసేదాన్ని. మాది బళ్ళారి. మా అమ్మ పత్తి మిల్లులో పనిచేసేది. నాకు గొంతు ఉందని తెలిశాక నన్ను మిల్లుకు పంపలేదు, నాటకాలకు పంపింది. రెండిట్లో ఏది మేలో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

ఎవరి వేషం వారిది

మా కాలంలో పద్యనాటకం ఎలా ఆడేవాళ్ళమో ఇప్పటివాళ్ళకు చెబితే నమ్మరు. రిహార్సలు అనే మాటే లేదు. ఊళ్ళో జాతరకు నాటకం కావాలంటే కాంట్రాక్టరు ఒక ఊరి నుంచి కృష్ణుడిని, ఇంకో ఊరి నుంచి అర్జునుడిని, బళ్ళారి నుంచి నన్ను పిలిపించేవాడు. ఎవరి వేషం వారు సొంతంగా నేర్చుకుని, ఎవరి కిరీటం వారు పెట్టెలో పెట్టుకుని బస్సు దిగేవాళ్ళం. ముఖానికి రంగు పూసుకుంటూ ఒకరినొకరం పరిచయం చేసుకునేవాళ్ళం. "మీరేనా నా భర్త?" అని అడిగి నమస్కారం పెట్టిన రోజులు నాకు చాలా ఉన్నాయి. ఏ మాట దగ్గర నేను అందుకోవాలన్నది అప్పటికప్పుడు తేల్చుకునేవాళ్ళం.

ఇంత గందరగోళాన్నీ నడిపించేవాడు హార్మోనియం మాస్టరు. ఆయన స్టేజీ పక్కన కూర్చుని ఒక కన్ను హార్మోనియం పెట్టె మీద, ఒక కన్ను నటుడి నోటి మీద ఉంచేవాడు. ఎవరైనా మాట మరిచిపోయి నిలబడిపోతే, వెంటనే తరువాత రావలసిన పద్యం రాగం ఎత్తుకునేవాడు. రాగం చెవిన పడితే పద్యం నోటికి వచ్చేస్తుంది. మరిచిపోయిన సంగతి జనానికి తెలిసేది కాదు. మా మాస్టరు ఖాసిం సాహెబు. ఆయన పెట్టె ఎంతమంది పరువు నిలబెట్టిందో లెక్కలేదు, నా పరువు కూడా అందులో ఉంది.

ఇక వన్స్ మోర్ సంగతి. పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అని అరుస్తారు. అరిస్తే మళ్ళీ పాడవలసిందే. కథ ఎక్కడ ఉందన్నది ఎవరికీ పట్టదు. పద్యం పాడి ప్రాణం విడిచినవాడు లేచి, ఒంటి మీది దుమ్ము దులుపుకుని, అదే పద్యం మళ్ళీ పాడి మళ్ళీ చస్తాడు. పట్నం నుంచి వచ్చినవాళ్ళు దీన్ని చూసి ఎగతాళి చేసేవారు. నాకు ఎప్పుడూ ఎగతాళిగా అనిపించలేదు. జనం మమ్మల్ని మెచ్చుకునే పద్ధతి అది ఒక్కటే, దానికోసం రెండుసార్లు చావడానికి మాకు అభ్యంతరం ఉండేది కాదు.

గాదిలింగప్ప

కౌల్ బజార్‌లో గాదిలింగప్పకు రవికె గుడ్డల అంగడి ఉండేది. ఆయనదని చెప్పుకోవడమే గానీ అంగడి నడిపింది ఆయన భార్య శంకరమ్మ. ఆమె గల్లాపెట్టె దగ్గర కూర్చుంది కాబట్టి ఆయన స్టేజీ మీద నిలబడగలిగాడు. ఆయనకు చదివిన సన్మానపత్రాల్లో ఆమె పేరు లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆయన గొంతు గురించి ఎంత చెప్పినా తక్కువే. పరశురాముడి వేషంలో గొడ్డలి పద్యం ఎత్తుకుంటే మైదానం చివర వేరుశనక్కాయలు అమ్మేవాళ్ళు కూడా బేరం ఆపి వినేవారు. ఆ పద్యం ఉన్న నాటకం పేరు 'రేణుకాప్రశ్నము'. దాన్ని రాసినాయన మా ఊరి ప్లీడరు, నేను పుట్టకముందే పోయాడు.

కథ అందరికీ తెలిసిందే. భార్య రేణుక మనసు ఒక్క క్షణం చలించిందని జమదగ్ని ముని మండిపడి, తల్లి తల నరకమని కొడుకును ఆజ్ఞాపిస్తాడు. పరశురాముడు నరుకుతాడు. తండ్రి మెచ్చి వరం కోరుకోమంటే, తల్లిని బతికించమంటాడు. జరిగింది ఆమెకు గుర్తుండకూడదని కూడా కోరుకుంటాడు. ఆమె నిద్రలేచినట్టు లేచి కొడుకును దీవిస్తుంది. నాలుగో అంకం అక్కడితో అయిపోతుంది. అన్ని నాటక సమాజాలవాళ్ళూ అక్కడే మంగళం పాడి తెర దించేవారు.

ప్లీడరుగారు ఐదో అంకం కూడా రాశాడు. వరం పూర్తిగా పనిచేయలేదన్నది ఆ అంకం. రేణుకకు అంతా గుర్తుంటుంది. కొడుకును ఎదురుగా నిలబెట్టి ఒక్క ప్రశ్న అడుగుతుంది. గొడ్డలి ఎత్తినప్పుడు నా ముఖం చూశావా, మెడ చూశావా అని. పరశురాముడికి ఆ అంకంలో పద్యం లేదు, మాట కూడా లేదు. తల్లిని చూస్తూ నిలబడి ఉండగా తెర పడాలి.

మా వైపు రేణుక అంటే ఎల్లమ్మ తల్లి. ఆమెచేత కొడుకును నిలదీయించడం చూసి జనం మండిపడ్డారట. మొదటిసారి ఆడినప్పుడే ఐదో అంకం మధ్యలో ఆపించారట. ఆనాడు చిన్నపిల్లవాడైన గాదిలింగప్ప తన తండ్రి భుజం మీద కూర్చుని ఆ ఆట చూశాడు. రేణుక నోరు తెరవగానే తండ్రి ఆయన్ను దించి ఇంటికి లాక్కుపోయాడు. ఆమె ఏమడిగిందో తెలియకుండానే పెరిగాడు. పెద్దయ్యాక ఎక్కడో ఆ పుస్తకం సంపాదించి చదివాడు. ఇక ఆ అంకం ఆడేదాకా నిద్రపట్టదన్నట్టు తిరిగాడు.

ఒకరోజు మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే అన్నాడు.

"హులిగమ్మా, నువ్వు రేణుక కట్టల్ల."

"కడతానే ఉండా గదప్పా."

"నాలుగు అంకాల రేణుక కాదు. ఐదు అంకాల రేణుక."

లోపలినుంచి మా అమ్మ వచ్చింది. "ఏందప్పా నీ పిచ్చి? ఎల్లమ్మ తల్లి ఇచ్చేదే గానీ అడిగేది కాదు. ఆ తల్లి వేషం కట్టించి మా బిడ్డచేత యాల అడిగిస్తావు?"

"ఇన్నేండ్లు ఇచ్చింది గదక్కా. ఒక్కమాట అడగనీ" అన్నాడు.

ఆయన నాకన్నా చాలా పెద్దవాడు. ఆయనకు నేను తల్లిని. నాటకాల్లో ఇలాంటివి ఎవరూ పట్టించుకోరు.

అంగడి వెనుక గుడ్డ మూటల మధ్య మధ్యాహ్నాలు రిహార్సలు పెట్టాడు. నా జన్మలో మొదటి రిహార్సలు అది. నాలుగు అంకాల పద్యాలూ వాయించి అలసిపోయేవాడేమో, మేము ఐదో అంకం మొదలుపెట్టగానే ఖాసిం మాస్టరు లేచి టీ తాగడానికి పోయేవాడు. ఎవరమూ ఆయన్ను ఉండమనలేదు, ఆ అంకంలో పద్యం లేదని చెప్పనూ లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

"నాలుగో అంకంలో నేను నీ మెడనే చూస్తాండా" అని చెప్పేవాడు గాదిలింగప్ప. "మొగం చూస్తే వాడు గొడ్డలి ఎత్తలేడు. ఐదో అంకంలో నీ మొగం చూడల్ల. ఈ వేషమంటే అంతే హులిగమ్మా. మిగిలిందంతా గొంతు."

"జనం నీ గొంతుకే గదప్పా వచ్చేది. సుమ్నే నిలబడితే ఒప్పుకుంటారా?"

"సుమ్నే నిలబడేది నాకే ఇంకా రాలేదు. వచ్చినాక వాళ్ళ సంగతి చూద్దాం."

నిజంగానే ఆయనకు రాలేదు. పాడే నటుడికి సుమ్నే, అంటే ఊరికే, నిలబడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది నాకు. ఆయన చెయ్యి దానంతట అదే చెవి దగ్గరికి పోయేది. గొంతులో శ్రుతి కదిలేది. కనుబొమలు ఎగిరేవి. తనను తాను తిట్టుకుని మళ్ళీ మొదటినుంచి నిలబడేవాడు. నెలలు పట్టింది. ఆలోగా పిలిచిన ఊళ్ళకు పోలేదు, వచ్చిన వేషాలు వదులుకున్నాడు. శంకరమ్మ మాత్రం మా ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి ముందు గదిలోకి పోయేది. ఆమె కోపం మజ్జిగలో ఉప్పు వేయకపోవడంలో తెలిసేది.

ఆట

అప్పటికి బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. తెలుగు నాటకానికి పందిరి వేయించేవాళ్ళు తగ్గారు. సమాజాలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఇలాంటి రోజుల్లో కౌల్ బజార్ దగ్గరి మైదానంలో ఆట పెట్టాడు గాదిలింగప్ప.

ఆటకు ముందు కొందరు పెద్దమనుషులు అంగడికి వచ్చారు. చెడ్డవాళ్ళేమీ కాదు, ఎన్నో నాటకాలకు చేతి సాయం చేసినవాళ్ళే. వాళ్ళలో పెద్దాయన మర్యాదగానే మాట్లాడాడు.

"గాదిలింగప్పా, నీ గొడ్డలి పద్యం ఇననీకి ఊరంతా వస్తాండాది. నాలుగో అంకంతో మంగళం పాడేయి. ఆడోళ్ళు వస్తారు."

"ఆడోళ్ళు రావల్లనే గదప్పా నేను చెప్పేది."

"ఇంట్లో తల్లులు ఇట్ల అడగబడితే జవాబు ఎవరు చెప్తారప్పా?"

గాదిలింగప్ప గజం బద్ద తీసుకుని గుడ్డ కొలవడం మొదలుపెట్టాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆట రోజు జనం ఇసుక వేస్తే రాలనంతగా వచ్చారు. గొడ్డలి పద్యానికి వన్స్ మోర్ మీద వన్స్ మోర్. నేను పడి, లేచి, దీవించాను. నాలుగో అంకం అయింది. ఆడవాళ్ళు చాపలు చుట్టుకుంటున్నారు. తెర మాత్రం పడలేదు. నేను ఆయన్ను ఎదురుగా నిలబెట్టి ఆ ప్రశ్న అడిగాను. చాపలు చుట్టేవాళ్ళు ఆగిపోయారు.

ఆయన నా ముఖం చూశాడు. చెయ్యి చెవి దగ్గరికి పోలేదు, కనుబొమ కదలలేదు. నిజంగా నన్ను నరికినవాడు నా ఎదురుగా నిలబడినట్టే ఉంది.

అప్పుడు పక్కనుంచి హార్మోనియం మోగింది.

ఖాసిం మాస్టరు ఆ అంకం ఎప్పుడూ చూడలేదు. నటుడు నోరు తెరవకుండా నిలబడ్డాడంటే ఆయనకు తెలిసిన అర్థం ఒక్కటే. పాపం, మరిచిపోయాడు. పరువు కాపాడాలని గొడ్డలి పద్యం రాగం ఎత్తుకున్నాడు. గాదిలింగప్ప కదల్లేదు. మాస్టరు ఇంకా గట్టిగా వాయించాడు. ఆ రాగం గుర్తుపట్టి జనం ఈలలు వేసి "వన్స్ మోర్" అని అరిచారు. ఆయన అప్పటికీ పాడలేదు. ముందు ఎవరో నవ్వారు. తరువాత మైదానమంతా నవ్వింది. "మర్చిపోయినాడప్పా! గాదిలింగప్ప పద్యం మర్చిపోయినాడు!" పెద్దమనుషులే స్టేజీ ఎక్కి తెర లాగేశారు. మంగళం ఇంకెవరో పాడారు.

రాళ్ళు వేస్తారని భయపడ్డాం, వాటికి సిద్ధంగా ఉన్నాం. నవ్వుతారని ఎవరమూ అనుకోలేదు.

తెర వెనుక ఖాసిం మాస్టరు సంగతి తెలుసుకుని తల పట్టుకున్నాడు. "అరే ఖుదా! నీ ఇజ్జత్ పోతాందని వాయించినానప్పా. పాట లేని వేషం ఉంటాదని నాకెట్ల తెలుస్తాది?"

"నీ పని నువ్వు చేసినావు మాస్టరూ" అన్నాడు గాదిలింగప్ప. ఆ తరువాత ఎవరు ఎగతాళి చేసినా, తప్పు మాస్టరుదని ఆయన ఒక్కరికీ చెప్పలేదు. పద్యం మరిచిపోయే నటుడని పేరుపడింది. కాంట్రాక్టర్లు పిలవడం తగ్గించారు.

మర్నాడు పొద్దున నేను ఇంటి ముందు చీర ఆరేస్తుంటే, పత్తి చేలకు కూలికి పోయే ఒకామె ఆగింది. పేరు మారెమ్మ అని తరువాత తెలిసింది.

"రాత్రి ఎల్లమ్మవు నువ్వేనా తల్లీ?"

"నేనే అక్కా."

"అడిగినావు, బాగుండాది. వాడేం చెప్పినాడు? గలాటలో నాకి ఇనపళ్ళేదు."

"వాడేం చెప్పడక్కా. చెప్పేది లేదు నాటకంలో."

"మావోడూ అంతేలే. అడిగితే నేల సూస్తాడు" అని నడిచిపోయింది.

ఈ మాట నేను అంగడికి పోయి గాదిలింగప్పకు చెప్పాను. ఆయన మెట్ల మీద కూర్చుని పంచె చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. "ఒక్కరికి చేరింది హులిగమ్మా. ఒక్కరికి చేరిందంటే ఈ అంకం బతికుండాది" అన్నాడు. ఆయన్ను అంత సంతోషంగా నేను మళ్ళీ చూడలేదు.

మద్రాసు

తుంగభద్ర కాలువలకు నీళ్ళు వదిలాక సిరుగుప్ప వైపు కోస్తా రైతులు వచ్చి క్యాంపులు వేసుకుని వరి పండిస్తున్నారు. వాళ్ళలో రాయుడుగారని ఒకాయన ఉండేవాడు. నాటకాల పిచ్చి. గొడ్డలి పద్యం ఎక్కడ విన్నాడో, వెతుక్కుంటూ అంగడికి వచ్చాడు.

"దీన్ని సినిమా తీద్దామండీ. మీరే పరశురాముడు. మీ గొంతు పది జిల్లాలకు వినపడాలండీ" అన్నాడు.

ఆ గొంతు మాట గాదిలింగప్ప చెవిన వేసుకోలేదు. ఆయన బుర్రలో ఇంకోటి తిరుగుతోంది. సినిమాలో పక్కన హార్మోనియం ఉండదు, వన్స్ మోర్ ఉండదు. ఒకసారి నిలబడితే అది అలాగే నిలబడి ఉంటుంది, ఎవరూ తెర లాగలేరు. ఐదో అంకం తీస్తేనే వస్తానన్నాడు. రాయుడుగారు సరేనన్నాడు. అబద్ధం ఆడాడని నేను అనను. ఆనాడు ఆయనకూ అదే ఉద్దేశం.

రేణుక వేషానికి నన్నూ మద్రాసు పిలిపించారు. స్టూడియోలో మాకు ఏమీ పాలుపోలేదు. కథ వరసగా తీయరు. చచ్చిన సీను ముందు, పెళ్ళి సీను తరువాత. నా ప్రశ్నను నా ముఖం ఒక్కటే కనబడేట్టు తీశారు. తరువాత గాదిలింగప్ప ముఖం. నన్ను కెమెరా పక్కన నిలబెట్టి అడగమన్నారు. నేను ఆ లైట్ల వేడిలో నిలబడి ఆయన్ను అడిగాను.

ఆయన నన్ను చూశాడు. ఎలా చూశాడంటే, నాకు చెప్పడం చేతకాదు. ఏళ్ళ తరబడి నేలచూపులు చూసిన కొడుకు తలెత్తి చూసినట్టుంది. స్టూడియోలో దీపాలు పట్టుకునేవాళ్ళు కూడా గొంతు సవరించుకోలేదు. నా నాటకాల జీవితమంతా కలిపి నేను చూసిన నటన అది ఒక్కటే. మిగతావి వేషాలు.

డైరెక్టరు కుర్రవాడు, మంచివాడు. కళ్ళు తుడుచుకుని, "బ్రహ్మాండంగా వచ్చిందండీ. సేఫ్టీకి ఇంకొకటి తీసుకుందాం" అన్నాడు.

"ఈడ గూడా వన్స్ మోర్ ఉండాదా?" అని గాదిలింగప్ప నవ్వాడు. "వద్దప్పా. రెండోతూరి చేస్తే నటనయితాది."

రైలులో తిరిగి వస్తూ దారి పొడుగునా పిల్లవాడిలా మాట్లాడాడు. తండ్రి భుజం దిగిన రోజు సంగతి అప్పుడే నాకు పూర్తిగా చెప్పాడు. బళ్ళారి స్టేషనులో దిగి, "మారెమ్మను తప్పకుండా పిలవల్ల. ముందు వరసలో కూచోబెట్టల్ల" అన్నాడు.

టాకీసు

సినిమా బళ్ళారికి వచ్చిన రోజు ఆయన ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చాడు. శంకరమ్మ వచ్చింది, ఖాసిం మాస్టరు వచ్చాడు. మారెమ్మను నేనే వెతికి పిలుచుకొచ్చాను. ముందు వరస కుర్చీల్లో కూర్చోమంటే ఆమె ఒప్పుకోలేదు. నేల మీదే కూర్చుంది.

సినిమా బాగానే నడిచింది. గొడ్డలి పద్యం వచ్చింది. నేను పడిపోయాను. ఇక వరం అడగాలి. అప్పుడు తెర నిండా గాదిలింగప్ప ముఖం పడింది. నేను గుర్తుపట్టాను. ఐదో అంకంలో ఆయన మౌనంగా నన్ను చూసిన చూపు అది. దాన్ని కోసి తెచ్చి ఇక్కడ అతికారు. ఆ ముఖం మీద ఎవరో మద్రాసు గాయకుడు, తల్లీ క్షమించి లేవవే అని పాట ఎత్తుకున్నాడు. గాదిలింగప్ప పెదవులు కదలవు కాబట్టి, మనసులో పాడుకుంటున్నట్టు కుదిరింది. పాట అయ్యాక నేను లేచాను, దీవించాను. శుభం.

నా ప్రశ్న ఎక్కడా లేదు.

హాలంతా కళ్ళు ఒత్తుకుంటోంది. ఎవరో "వన్స్ మోర్" అన్నారు. అందరూ అందుకున్నారు. టాకీసువాళ్ళు దీపాలు వేసి, రీలు వెనక్కి తిప్పి ఆ పాట మళ్ళీ వేశారు. తన ముఖం మీద ఇంకొకడి గొంతు రెండోసారి కూడా గాదిలింగప్ప కూర్చుని చూశాడు. పక్కనున్న శంకరమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. ఎన్నేళ్ళుగానో మజ్జిగలో ఉప్పు వేయని మనిషి, ఆ రోజు చెయ్యి పట్టుకుంది.

గుమ్మం దగ్గర రాయుడుగారు ఎదురొచ్చాడు. "సినిమా కొనేవాళ్ళు ఒప్పుకోలేదండీ మాస్టారూ. మా ఇంట్లో ఆడవాళ్ళకూ భయం వేసింది, ఎల్లమ్మ తల్లితో పెట్టుకున్నట్టుందని. మీ ముఖం మాత్రం ఒక్క ముక్క కూడా వదల్లేదండీ. ఎంత బాగా కుదిరిందో చూశారా!" ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ మనిషి మంచివాడే, అందుకే ఆయన్ను తిట్టడానికి కూడా వీలు కాలేదు.

మారెమ్మ జనాన్ని తప్పించుకుని మా దగ్గరికి వచ్చింది. గాదిలింగప్పను చూడలేదు, నన్నే అడిగింది.

"ఈ తూరి నువ్వు అడగలేదేమమ్మా?"

గాదిలింగప్ప నేల చూశాడు.

తరువాత

ఆ పాట మారుమోగింది. పెళ్ళిళ్ళలో, జాతరల్లో, మైకు ఉన్న ప్రతిచోటా అదే. పాడింది గాదిలింగప్పేనని మా జిల్లాలో చాలామంది నమ్మారు. ఆయన కాదని చెప్పీ చెప్పీ విసిగి, చెప్పడం మానుకున్నాడు. నాటకాలు వదిలేశాడు. అంగడిలో కూర్చునేవాడు గానీ గజం బద్ద ఒకచోట పెట్టి ఇంకోచోట వెతుక్కునేవాడు. ఖాసిం మాస్టరు పోయాడు. రేణుకాప్రశ్నము పుస్తకం ఏమైందని అడిగితే, "ఉండాది యాడనో" అనేవాడు.

మీరు అడుగుతారు, ఆయన తప్పేమిటని. నాకు తెలిసినంతలో ఒక్కటే. ఆ అంకం తన ముఖంలో ఉందనుకున్నాడు. అది నా ప్రశ్నలో ఉంది. ముఖాన్ని ఎక్కడికైనా తీసుకుపోయి అతికించవచ్చు. ఇది ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది, చెప్పినా ఆయనకు మిగిలేది ఏమీ లేదు.

కొన్నేళ్ళకు తోరణగల్లు వైపు ఒక ఊరి జాతరకు నాకు పిలుపు వచ్చింది. రేణుక వేషం, నాలుగు అంకాలు. బస్సు దిగి ముఖానికి రంగు పూసుకోవడానికి కూర్చుంటే, పక్కన అద్దం ముందు గాదిలింగప్ప ఉన్నాడు. జుట్టు నెరిసింది, చెంపలు లోపలికి పోయాయి. గడ్డం అతికించుకుంటున్నాడు.

"నువ్వేందప్పా ఈడ?" అన్నాను.

"ఉండలేకపోతి హులిగమ్మా" అన్నాడు. "ఏ అంకమన్నా కానీలే. మొగానికి రంగు పడితే సాలు అనిపించింది."

ఎవరి వేషం వారు కట్టుకున్నాం.

గొడ్డలి పద్యం పాడాడు. గొంతు పగిలింది, అయినా పాడాడు. నేను పడిపోయాను. వరం అడిగే చోటికి వచ్చేసరికి జనం లేచి నిలబడి సినిమా పాట పాడమని అరిచారు. కాంట్రాక్టరు పక్కనుంచి సైగ చేశాడు. కొత్త హార్మోనియం మాస్టరు ఆ రాగం ఎత్తుకున్నాడు. ఈసారి గాదిలింగప్ప పాడాడు. ఆ మద్రాసు గాయకుడు ఎక్కడ గొంతు వణికించాడో అక్కడే వణికించి, ఎక్కడ సాగదీశాడో అక్కడే సాగదీసి, వాడి పాటను వాడిలాగే పాడాడు. నేను లేచి దీవించాను.

వన్స్ మోర్ అన్నారు.

పాట మళ్ళీ మొదలవ్వాలంటే నేను మళ్ళీ చచ్చి ఉండాలి. ఆయన ముఖం చూద్దామని ఒక్క క్షణం ఆగాను, అప్పుడైనా నన్ను చూస్తాడేమోనని. గొడ్డలి భుజాన పెట్టుకుని, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, ఆయన నా మెడ వైపు చూస్తున్నాడు. నేను మళ్ళీ పడుకున్నాను.